కన్నులకు గట్టినదెల్ల నిజమా?

మన యిండ్లలో ఒక మాట తరచుగా వినబడుచుండును. "నాకిప్పటికిని కన్నులకు గట్టినట్లున్నది" అని పెద్దవారొకరు అన్నంతనే వాదము ముగియును. ఆపైన ప్రశ్నించినవాడు అవిధేయుడు, ఋజువడిగినవాడు తలబిరుసువాడు. వ్రాసిన కాగితమునకు ఈయని గౌరవమును, ఎదుట నిలిచిన సాక్షికి ఈయని గౌరవమును ఈ యొక్క మాటకు మనము ఇచ్చియున్నాము. ఈ గౌరవము తగనిదనియు, దీనివలన మన కుటుంబములకు కలుగుచున్న హాని స్వల్పము కాదనియు మేము చెప్పదలచితిమి. పరులను తప్పుపట్టుటకు ముందు మన తప్పు మనము చెప్పుకొనుట న్యాయము గనుక మా యింటి కథతోనే ఆరంభించెదము.

మాది నూజివీటి మామిడితోటల సీమలోని రెడ్డిగూడెము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాడు దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మేము పదియేండ్ల బాలురము. సముద్రము నిలువెత్తు అలగా లేచి పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలగు పల్లెలను ఊడ్చిపెట్టినది. సర్కారు లెక్కలోనే చచ్చినవారు సుమారు 10,000 మంది. కృష్ణా జిల్లాలో ఆనాటికి బుద్ధి తెలిసిన ప్రతివారికిని ఆ దినమునుగూర్చి ఒక కథ కలదు. మాకును ఒకటి కలదు. ఆ సాయంకాలము మా తండ్రిగారు రేడియోకు చెవి యానించి కూర్చుండిరి. లాంతరు దీపము గాలికి రెపరెపలాడుచుండెను. వెనుక తోటలో మామిడికాయలు దబదబ రాలుచుండగా మా తల్లిగారును మా వదినెగారును తడిసిన చీరలతో గంపలకెత్తి తెచ్చి వసారాలో కుప్పపోసిరి. కాయల సొనవాసన ఇల్లంతయు నిండెను. తెల్లవారిన తరువాత తండ్రిగారు "దివిసీమ కొట్టుకొనిపోయినది" అని మాత్రము చెప్పి లోపలికి పోయిరి. ఈ కథను మేము మా పిల్లలకు చెప్పితిమి. పాఠశాలలో విద్యార్థులకు చెప్పితిమి. విన్నవారు కన్నీరు పెట్టుకొనిరి. మాకును ప్రతిసారి ఆ సొనవాసన ముక్కునకు తగులుచుండెను.

కొన్ని యేండ్ల క్రిందట ఆవకాయ దినములలో కాయలు తరుగుచు మేమీ కథ మరల నెత్తుకొంటిమి. ఎదుట కూర్చుండి ముక్కలు తుడుచుచున్న మా అక్క తలయెత్తి, "ఏమిరా తమ్ముడూ, కార్తీకమాసంలో మామిడికాయలెక్కడివిరా?" అనెను.

పిల్లలు ఫక్కున నవ్విరి. మాకు మొదట వచ్చినది సిగ్గు కాదు, కోపము. కాయలను మేము చూచితిమి, వాసన చూచితిమి, మాకు చెప్పుటకు ఈమె యెవరు? కాని మామిడిసీమలో పుట్టినవానికి ఆ ప్రశ్నకు బదులేమున్నది? ఇక్కడ పూత పుష్యమాఘములలో పూయును. కాయ చైత్రము మొదలు జ్యేష్ఠమువరకు దిగును. కార్తీకములో చెట్టున ఆకు తప్ప వేరొకటి యుండదు. చిన్నరసమైనను, బంగినపల్లియైనను, కలెక్టరుకాయయైనను ఈ నియమమును దాటవు. ఆ కాయలు రాలినది 1990 మే 9వ తేదీనాటి తుపానుకు. అది వైశాఖమాసము. మచిలీపట్టణమునకు నైఋతిగా తీరము దాటిన ఆ తుపానులో వేయిమందికి దగ్గరగా చనిపోయిరి. మా తోటలలో ఏటిఫలము నేలపాలైనది. అంతియే కాదు. గంప మోసిన మా వదినెగారు కోడలుగా మా యింట అడుగుపెట్టినదే 1986లో! ముప్పదియేండ్లకు పైగా ఈ కథ చెప్పిన మాకు గాని, విని తలలూపిన బంధువులకు గాని ఈ సంగతి తోచనే లేదు. రేడియో 1977 నాటిది; కాయలు 1990 నాటివి; రెంటిని కుట్టిన దారము మా మనస్సు. మేము అబద్ధమాడలేదు. అబద్ధమాడువానిని పట్టుకొనవచ్చును, నమ్మి చెప్పువానిని పట్టుకొనుట కష్టము. ఇందలి ప్రమాదమంతయు ఇక్కడనే యున్నది.

ఇది మా యొక్క బలహీనత యని చదువరులు జాలిపడ నక్కరలేదు. పాశ్చాత్య పండితులు ఈ విషయమును చాలకాలముగా శోధించుచున్నారు. 1865లో అమెరికా దేశాధ్యక్షుడు లింకన్ హత్య చేయబడిన వార్త మీరెక్కడ వింటిరని 1899లో కోల్‌గ్రోవ్ అనునతడు ప్రకటించిన శోధనలో 179 మందిని అడుగగా, 127 మంది స్థలముతో సహా చెప్పగలిగిరి. జ్ఞాపకశక్తి ఎంత గొప్పదని లోకము మెచ్చుకొనినది. మన దివిసీమ మునిగిన 1977లోనే బ్రౌన్, కూలిక్ అను ఇద్దరు పండితులు ఇట్టి స్మృతులకు ఫొటోగ్రాఫరు వెలిగించు మెరుపుదీపము పేరు పెట్టిరి. ఆ మెరుపులో గదియంతయు, కుర్చీతో సహా, మనస్సున అచ్చుపడునని వారి యూహ. కాని వారిలో ఎవరును ఒక పని చేయలేదు. చెప్పినది నిజమా యని సరిచూచుటకు ఆనాటి వ్రాత వారి చేతిలో లేదు.

ఆ పని చేసినవాడు నైసర్ అను ఆచార్యుడు. 1986 జనవరి 28న ఛాలెంజరు అను ఆకాశనౌక ఏడుగురు యాత్రికులతో పేలిపోయినది. మరునాటి ఉదయముననే అట్లాంటా నగరములోని ఎమరీ విశ్వవిద్యాలయ విద్యార్థులచేత, వార్త ఎక్కడ వింటిరి, ఎవరు చెప్పిరి, ఏమి చేయుచుంటిరి అని వ్రాయించి ఆ కాగితములు దాచిపెట్టిరి. రెండున్నర యేండ్లకు వారిలో 44 మందిని మరల అడిగిరి. ఏడు మార్కుల పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకొన్నవారు ముగ్గురు. సున్న తెచ్చుకొన్నవారు పదునొకండుగురు! ఆ సున్నవారిలో సహితము తమ జ్ఞాపకమును గట్టిగా నమ్మినవారు కలరు. తమ చేవ్రాత తమకు చూపినను మొదటి జ్ఞాపకము ఎవరికిని తిరిగి రాలేదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు మేడలు కూలిన మరునాడు డ్యూక్ విశ్వవిద్యాలయములో 54 మందిని ఇట్లే శోధించిరి. దుర్దినపు జ్ఞాపకమును సామాన్యదినపు జ్ఞాపకమును ఒకే తీరున చెదరిపోయినవనియు, దుర్దినపు దానియందు నమ్మకము మాత్రము చెక్కుచెదరలేదనియు తేలినది. నైసరునకే ఒక కథ కలదు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై జపానువారు దాడిచేసిన వార్త, తాను రేడియోలో బేస్‌బాల్ ఆట వినుచుండగా వచ్చినదని ఆయన చాలకాలము నమ్మెను. డిసెంబరులో ఆ దేశమున బేస్‌బాల్ ఆడరు! మా కార్తీకపు మామిడికాయలకు ఆయన శీతకాలపు బంతియాట సరియైన జోడు.

ఇంతవరకు చదివి దీనిని వినోదముగా నెంచినవారు ఈ క్రింది సంగతి వినవలెను. 2013 వేసవిలో మా దూరపు బంధువుల యింట పెండ్లిమాటలు జరిగినవి. మేము సంస్కరణాభిమానులమని పేరు మోసినవారము గనుక, పిల్ల వయస్సెంత యని అడిగితిమి. పిల్ల నాయనమ్మ కన్నీటితో, "పెద్ద తుపానునాటి రాత్రి పుట్టింది నాయనా. కాయలు కుప్పలు కుప్పలుగా రాలుతుంటే మంత్రసానిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాము. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది" అనెను. మా మనస్సులోను కాయలు రాలినవి. 1990 అని లెక్కించితిమి; ఇరువది మూడేండ్లని తృప్తిపడితిమి; అక్షతలు వేసితిమి. రెండేండ్ల తరువాత పాతపెట్టె అడుగున టీకాల చీటి దొరికినది. అందలి పుట్టిన మాసము 1996 నవంబరు! ఆ నెల 6వ తేదీనాటి కోనసీమ తుపానును ముసలమ్మ మనస్సు 1990 నాటి తుపానుతో కలిపివేసినది. మేము కాయలను దివిసీమకు మోసికొనిపోయినట్లే ఆమె వానిని తన మనుమరాలి పురిటికి మోసికొనివచ్చినది. పెండ్లినాటికి ఆ బాలికకు పదునారేండ్లు.

ఆ గదిలో ద్వారబంధమునకు ఆనుకొని ఒక సాక్షి నిలిచియుండెను. ఆమెను ఎవరును అడుగలేదు. అడిగియుండినచో, క్రిందటి యేడే పదవ తరగతి ముగించితినని ఆ పిల్ల చెప్పియుండెడిది. బడి రిజిస్టరు చూడవలెనని మాకు తోచలేదు. ముసలమ్మ కన్నీరును, మా సొంత చిత్రమును కలసి మా బుద్ధికి గంతలు కట్టినవి. ఆ బాలిక చదువు అంతటితో ఆగినది. 1929లో శారదా చట్టము ఆడపిల్లకు పదునాలుగేండ్లని గిరిగీసెను. 1978లో అది పదునెనిమిదియైనది. 2006 నాటి చట్టము బాల్యవివాహము జరిపించువారిని శిక్షించుచున్నది. జననమరణముల నమోదునకు 1969 నుండియే శాసనము కలదు. చట్టము తేదీని అడుగుచున్నది. మనము తుపానును చెప్పుచున్నాము.

ఇట్టి తీర్పులు మన యిండ్లలో ఎన్ని జరుగుచున్నవో ప్రతివారును తమ మనస్సును తామే ప్రశ్నించుకొనవలెను. తండ్రి మంచముపై నుండి ఏ కొడుకునకు ఏ తోట యన్నాడు? కోడలు మొదటి పండుగనాడు ఏ మాట తూలినది? పక్కయూరివారు ఏ జాతరలో మనవారిని అవమానించిరి? ఇరువదియేండ్ల వైరమునకు పునాదిగా నున్నది ఒక చిత్రము. ప్రతిసారి చెప్పునపుడు దానికి ఒక రంగు చేరును. చేరిన రంగు తరువాత తీయరాదు. పూతమీద తోటను గుత్తకిచ్చునపుడు కాగితము లేక ఒక్క రూపాయిని నోటిమాటకు విడువని మనము, నున్న మార్కెట్టులో ప్రతి తూకమునకు చీటి అడుగు మనము, ఒక బాలిక బ్రదుకును, ఒక కోడలి మర్యాదను మాత్రము నోటిమాటకు విడుచుచున్నాము. కాయకున్న విలువ పిల్లకు లేదా?

వేరొక సంగతి ఇంతకంటె చేదుగా నుండును. బ్రౌన్, కూలిక్‌ల శోధనలో ఒక లెక్క కలదు. 1968 ఏప్రిల్ 4న నీగ్రోల నాయకుడని ఆనాడు పిలువబడిన మార్టిన్ లూథర్ కింగు హత్యవార్త విన్న క్షణము, వారడిగిన నల్లజాతివారిలో నూటికి 75 మందికి మెరుపువలె జ్ఞాపకముండగా, తెల్లజాతివారిలో నూటికి 33 మందికే యుండెను. వార్త ఒక్కటే, రేడియో ఒక్కటే. ఎవరి యింట ఆ చావు చావుగా తోచినదో వారికే జ్ఞాపకమున్నది. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధి హత్యవార్త ఎక్కడ వింటిరని మన గృహస్థులను అడుగుడు. అరుగుతో సహా చెప్పుదురు. 1996 జనవరి 18న రామారావుగారు పోయినప్పుడు? చేతిలోని కాఫీలోటాతో సహా చెప్పుదురు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపినవార్త ఎక్కడ వింటిరి? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికినవార్త? మేమీ ప్రశ్న మమ్మే వేసికొంటిమి. మాకేమియు కన్నులకు గట్టలేదు. లాంతరు లేదు, వాసన లేదు, రేడియో లేదు. మా తోటలో పనిచేయు కూలీని అడుగగా, ఆనాడు ఏ గట్టుపై కూర్చుండి వినెనో, ఎవరు చెప్పిరో, ఆ రాత్రి తన పేటలో ఏ యింటను పొయ్యి వెలుగలేదని ఎట్లు తెలిసికొనెనో చెప్పెను. అతని స్మృతిలోను ఒకటిరెండు కాయలు కార్తీకములో రాలియుండవచ్చును. కాని అతనికి చిత్రమున్నది; మాకు లేదు. మేము సంస్కర్తలమని చెప్పుకొనుచుండగా మా మరపు మాపై సాక్ష్యమిచ్చినది. జ్ఞాపకము సంఘటనను గూర్చి చెప్పుదానికంటె జ్ఞాపకమున్నవానిని గూర్చి ఎక్కువ చెప్పును.

ఇక మాపై రాగల ఆక్షేపణలకు బదులు చెప్పెదము. "మన పూర్వులు వేదములను నోటనే కాపాడిరి, మీరు జ్ఞాపకమును నిందించుట స్వదేశనింద" యని కొందరందురు. పూర్వులు వేదమును కాపాడినది కన్నులకు గట్టుటవలన కాదు. పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును ముందునుండి వెనుకకును, వెనుకనుండి ముందునకును అల్లి, గురువు వినుచుండగా వల్లించి, ఒక్క స్వరము తప్పినను ఆపి దిద్దిరి. వారు జ్ఞాపకమును నమ్మలేదు, అనుదినము పరీక్షించిరి. మనము పరీక్షను విడిచి నమ్మకమును మాత్రము ఉంచుకొన్నాము. స్వదేశధర్మమును విడిచినది ఎవరు?

"దివిసీమలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులను అబద్ధీకులందురా?" యని మరికొందరు కోపగింతురు. అనము. 1989లో కాలిఫోర్నియాలో భూకంపము వచ్చినప్పుడు నైసరును ఆయన మిత్రులును శోధించి, స్వయముగా భూమి కంపించుట ననుభవించినవారి కథ ఏడాదిన్నరకును ఇంచుమించుగా చెదరలేదనియు, దూరముగా అట్లాంటాలో వార్త విన్నవారి కథలే చెదరినవనియు చూపిరి. తాటిచెట్టును కౌగిలించి రాత్రియంతయు నీటిలో నిలిచినవానికిని, నూజివీటి సీమలో లాంతరు వెలుగున రేడియో విన్నవానికిని ఈ భేదము కలదు. మేము శంకించునది మా వంటి రెండవవానిని. అనుభవించినవాని మాట అమూల్యము. అమూల్యమైనదానిని వ్రాసియుంచకపోవుట మన పాపము. ఆ తల్లులు ఒక్కొక్కరే వెడలిపోవుచున్నారు.

"ఇంట లెక్కలు వ్రాసినట్లు మాటలు వ్రాసికొన్నచో ఆప్యాయత నిలుచునా?" యను ప్రశ్నయు మేము వింటిమి. అక్క మాటతో మా కథ విరిగినది గాని మా తండ్రిగారిపై ప్రేమ విరుగలేదు. రేడియోవద్ద ఆయన కూర్చున్నది నిజమే. దానిప్రక్కన మామిడికాయలు లేకున్నంతమాత్రమున ఆయన తగ్గిపోవునా? నిజమును భరింపలేని ఆప్యాయత నిలుచుటకంటె పడుటయే మేలు.

కావున మేము కోరునవి మూడు. ప్రతి యింటను తేదీలు గల ఒక దినచర్య పుస్తకముండవలెను. గొప్ప కష్టము గాని శుభము గాని జరిగిన రాత్రియే, నలుగురును ఒకరితోనొకరు ముచ్చటించుకొనుటకు ముందే, ఎవరి మాట వారు అందులో వ్రాయవలెను. ఇది మొదటిది. వ్రాయువారిలో యజమాని యొక్కడే యుండరాదు. కోడలు, ఆడపిల్ల, పనివారు, వ్రాయలేనివారి మాట వ్రాసిపెట్టు బడిపిల్లలు కూడ ఉండవలెను. ఇది రెండవది. వయస్సును, ఆస్తిని, ఒకరి మర్యాదను తేల్చునప్పుడు పుట్టుక నమోదుపత్రము, బడి రిజిస్టరు, ఆనాటి వ్రాత ముందు చూచి, ఎవరి బ్రదుకు తేలుచున్నదో వారిని అడిగి, ఆపైననే పెద్దల కన్నులకు గట్టినది వినవలెను. ఇది మూడవది. పెద్దలను గౌరవింపవద్దని మేము చెప్పలేదు. పెద్దరికమును న్యాయస్థానము చేయవద్దని చెప్పితిమి.

ఇది మాటలలో తేలుట కంటె చేతలో తేలుట మంచిది. 2024 సెప్టెంబరు 1న మైలవరపు కొండల నీరు మోసికొనివచ్చిన బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగరు మొదలగు పేటలను ముంచినది. నాటి చిత్రములు ప్రతివారి సెల్‌ఫోనులో నున్నవి. అయినను ఆ రాత్రి మీ యింట ఎవరు ఎవరికి అన్నము పెట్టిరో, ఎవరికి ముందు కబురు చేసిరో, ఎవరిని మరచిరో ఆ చిత్రములు చెప్పవు. చదువరులారా, నేటి రాత్రియే ఆ దినమును గూర్చి మీకు తోచినది ఒక కాగితముపై వ్రాయుడు. మీ భార్యను, అక్కను, పనిమనిషిని వేరువేరుగా వ్రాయించుడు. ఆపైన నాలుగింటిని ఒకచోట పెట్టి చదువుడు. సరిపోలని చోట మీకు కోపము వచ్చినచో, ఆవకాయ ముక్కల యెదుట మాకు వచ్చిన కోపమదియే. దానిని దిగమ్రింగి, ఎదుటివారి కాగితమును మరల మొదటినుండి చదువుడు.